పసిమెదడుకు ఊపిరందని వేళ: మందులు తేల్చిందేమిటి?

పుట్టగానే ఏడవని బిడ్డ మెదడును కాపాడటానికి డాక్టర్లు వాడి చూసిన మందుల పట్టిక చాలా పెద్దది. సోడియం బైకార్బొనేట్, మానిటాల్, డెక్సామెథసోన్, గార్డినాల్ (ఫీనోబార్బిటాల్), డోపమిన్, మెగ్నీషియం సల్ఫేట్, అల్లోప్యూరినాల్, ఎరిత్రోపాయిటిన్, చివరికి జెనాన్ వాయువు. ఒక్కోటీ ఒక్కో నమ్మకంతో వార్డులోకి వచ్చింది. కొన్ని పరీక్షకు నిలవక వెళ్లిపోయాయి. కొన్నిటిని సరిగా పరీక్షించకుండానే ఏళ్ల తరబడి వాడారు.

ఈ మందుల్లో చాలావాటి వెనక ఉన్నవి రెండు కొలతలు. మెదడుకు ఎంత రక్తం చేరుతోంది? మెదడు ఎంత ఆక్సిజన్‌నూ గ్లూకోజ్‌నూ ఖర్చు చేస్తోంది? రక్తం పెరిగితే మేలని ఒక వర్గం, ఖర్చు తగ్గితే మేలని మరో వర్గం, ఈ రెండిటి కన్నా కణం లోపలి విధ్వంసాన్ని ఆపడం ముఖ్యమని మూడో వర్గం వాదిస్తూ వచ్చాయి. ముగ్గురి దగ్గరా ఆధారాలున్నాయి, అందుకే చర్చ చిక్కుపడింది. ఆ ఆధారాలన్నీ కలిపి చదివితే నాకు కనిపించేది ఇది: మందు పేరు కన్నా అది మెదడుకు చేరే గంట ముఖ్యం. ఆ గంటను పట్టించుకోని ప్రయోగాల వల్లే గందరగోళం ఇంతగా పెరిగింది.

చర్చ ఎలా మొదలైంది

కష్టమైన కాన్పుకూ పిల్లల్లో కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడానికీ సంబంధం ఉందని 1861లో లండన్‌లో విలియం జాన్ లిటిల్ వాదించాడు. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ దాన్ని ప్రశ్నించాడు. కడుపులోనే దెబ్బతిన్న బిడ్డకు కాన్పు కూడా కష్టమవుతుందేమో, మనం కారణం అనుకుంటున్నది లక్షణమేమో అన్నాడు. ఆ అనుమానం ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. మందుల ప్రయోగాల ఫలితాలు చదివేటప్పుడు దాన్ని గుర్తుంచుకోవాలి. గంటల క్రితం దెబ్బతిన్న మెదడూ రోజుల క్రితం దెబ్బతిన్న మెదడూ ఒకే మందుకు ఒకేలా స్పందించవు.

1953లో వర్జీనియా ఆప్గార్ ఇచ్చిన స్కోరుతో పుట్టిన బిడ్డ పరిస్థితిని అంకెల్లో చెప్పడం మొదలైంది. 1970లలో రోనాల్డ్ మైయర్స్ కోతి పిల్లలపై చేసిన ప్రయోగాలు దెబ్బ రెండు రకాలని చూపాయి. ఆక్సిజన్ ఒక్కసారిగా పూర్తిగా ఆగిపోతే మెదడు కాండం, థాలమస్ దెబ్బతింటాయి. చాలాసేపు కొద్దికొద్దిగా తగ్గితే మెదడు పైపొర, దాని కింది తెల్లపదార్థం దెబ్బతింటాయి. 1976లో సార్నాట్ దంపతులు బిడ్డ మత్తు, కండరాల పట్టు, ఫిట్స్ ఆధారంగా మూడు దశల వర్గీకరణ ఇచ్చారు. ఎన్‌ఐసీయూల్లో ఇప్పటికీ వాడేది అదే. 1981లో రైస్, వనూచీ బృందం ఏడు రోజుల ఎలుక పిల్లకు ఒక వైపు కెరోటిడ్ ధమని కట్టేసి, 8 శాతం ఆక్సిజన్‌లో ఉంచే నమూనాను తయారుచేసింది. ఆ తర్వాత వచ్చిన మందుల్లో చాలావాటికి తొలి పరీక్ష ఆ ఎలుక పిల్లల మీదే జరిగింది. అక్కడ నెగ్గి వార్డులో ఓడినవే ఎక్కువ.

రక్తప్రసరణ అంకెను ఎలా చదవాలి

ఆక్సిజన్ తగ్గిన తొలి నిమిషాల్లో బిడ్డ శరీరం తనంతట తానే సర్దుకుంటుంది. చర్మం, పేగులు, కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గించి మెదడుకూ గుండెకూ మళ్లిస్తుంది. మెదడు రక్తనాళాలు అడినోసిన్, నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ ప్రభావంతో వెడల్పవుతాయి. గుండె అలసి బీపీ పడిపోయినప్పుడు ఈ ఏర్పాటు కూలిపోతుంది.

మామూలుగా బీపీ కొంత పెరిగినా తగ్గినా మెదడుకు చేరే రక్తం మారదు. 1979లో కోపెన్‌హాగన్‌లో లూ, లాసెన్, ఫ్రీస్-హాన్సెన్ జెనాన్-133 పద్ధతితో కొలిచినప్పుడు, ఊపిరాడక పుట్టిన పిల్లల్లో ఈ నియంత్రణ పోయిందని, బీపీ ఎటు పోతే మెదడు రక్తప్రసరణా అటే పోతోందని తేలింది. అప్పటినుంచి బీపీని మార్చే ఏ మందైనా మెదడు మందు కిందే లెక్క.

ఇక్కడ రెండు పరిశీలనలు మన సహజమైన ఊహను తలకిందులు చేశాయి. 1988లో ఆల్ట్‌మన్, పెర్ల్‌మన్, వోల్ప్, పవర్స్ పెట్ స్కాన్‌తో కొలిచారు. కొందరు నవజాత శిశువుల్లో మెదడు రక్తప్రసరణ 100 గ్రాములకు నిమిషానికి 5 మి.లీ. దరిదాపుల్లో ఉన్నా తర్వాత వాళ్ల ఎదుగుదల మామూలుగానే ఉంది. పెద్దవాళ్లలో అది 50 మి.లీ. ఉంటుంది, 10 కిందికి పోతే కణజాలం చచ్చిపోతుంది. అంటే పసిమెదడు చాలా తక్కువతో బతకగలదు. రెండోది 1990లో ప్రైడ్స్ బృందం చూసినది. తీవ్రంగా దెబ్బతిన్న పిల్లల్లో తొలి రోజు తర్వాత రక్తప్రసరణ తగ్గలేదు, మామూలు కన్నా పెరిగింది. కార్బన్ డయాక్సైడ్‌కూ బీపీకీ నాళాలు స్పందించడం మానేశాయి. నుదుటి మీద పెట్టే ఇన్‌ఫ్రారెడ్ పరికరంతో తర్వాత చూసినవాళ్లకూ ఇదే కనిపించింది. 24 గంటలు దాటాక మెదడులో ఆక్సిజన్ శాతం ఎక్కువగా ఉన్న పిల్లల భవిష్యత్తే అధ్వానంగా ఉంది. రక్తం పుష్కలంగా వస్తున్నా వాడుకునే కణాలు లేకపోవడమే దానికి కారణం.

ఈ క్రమానికి కాలపట్టిక ఇచ్చింది లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆస్మండ్ రేనాల్డ్స్ బృందం. 1980లలో ఫాస్ఫరస్ స్పెక్ట్రోస్కోపీతో వాళ్లు బిడ్డ మెదడులోని శక్తి నిల్వలను కత్తిగాటు లేకుండా కొలిచారు. ఊపిరి పోసిన తర్వాత తొలి గంటల్లో శక్తి నిల్వలు మామూలుగానే కనిపించాయి. ఆ తర్వాత, చాలామందిలో మొదటి రోజులోపే, మళ్లీ పడిపోయాయి. ఈ రెండో పతనం ఎంత లోతైతే బిడ్డ పరిస్థితి అంత విషమం. రెండు పతనాల మధ్య ఉన్న ఆ కొన్ని గంటలే చికిత్సకు అవకాశం. ఆక్లాండ్‌లో గొర్రె పిండాల మీద చేసిన పని ఇంకో వివరం చేర్చింది. ఆ మధ్యకాలంలో మెదడు తన ఖర్చును తానే తగ్గించుకుంటుంది, రక్తప్రసరణ కూడా దానితోపాటు తగ్గుతుంది. అక్కడ తక్కువ రక్తం కనబడితే అది ప్రమాద సూచన కానక్కర్లేదు.

రక్తం పెంచాలన్న వాదం

తక్కువ రక్తమే సమస్య అనుకున్న రోజుల్లో నాళాలను వెడల్పు చేసే మందులు సహజంగానే ఆకర్షించాయి. కాల్షియం కణంలోకి చొరబడటం కూడా ఆగుతుందన్న ఆశతో లెవీన్ బృందం 1990లో తీవ్రంగా ఊపిరాడక పుట్టిన కొద్దిమంది పిల్లలకు నికార్డిపిన్ ఇచ్చి చూసింది. వాళ్లలో కొందరికి బీపీ ఒక్కసారిగా పడిపోయింది, దానితో మెదడు రక్తప్రసరణా పడిపోయింది. ఆ దారి దాదాపు అక్కడే ముగిసింది. నాళాలు వెడల్పయ్యేది మెదడులో మాత్రమే కాదు కదా.

డోపమిన్ సంగతి వేరు. అది బీపీని పెంచుతుంది, నియంత్రణ పోయిన మెదడులో రక్తాన్నీ పెంచుతుంది. బీపీ బాగా పడిపోయిన బిడ్డకు అది ప్రాణాధారం. కానీ బీపీ అంకెను ‘సరి’ చేయడానికి ఇచ్చే డోపమిన్, రెండో దశలో అప్పటికే రక్తం పొంగుతున్న మెదడు మీద ఇంకాస్త ఒత్తిడి పెడుతుందేమోనన్న అనుమానం ఉంది. నెలలు నిండని బిడ్డలో ఆ పొంగు రక్తస్రావానికి దారితీయవచ్చు. బిడ్డ నియంత్రణ ఎంతవరకు ఉందో మంచం పక్కనే కొలిచి బీపీ లక్ష్యాన్ని నిర్ణయించే పద్ధతులు వచ్చాయి. అవి పిల్లల ఎదుగుదలను మెరుగుపరుస్తాయని ఇంకా రుజువు కావాలి.

ఈ వాదంలో అందరికన్నా ఎక్కువ వాడినదీ, మందుగా గుర్తించడానికి చాలా ఆలస్యమైనదీ ఆక్సిజన్. నీలం రంగులో ఉన్న బిడ్డకు 100 శాతం ఆక్సిజన్ ఇవ్వడం దశాబ్దాలపాటు ఎవరూ ప్రశ్నించని ఆచారం. ఆక్సిజన్ లేమిలో పేరుకునే హైపోక్సాంథీన్, ఆక్సిజన్ తిరిగి అందగానే విషపు ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తుందని 1970లలోనే నార్వేలో ఓలా సాగ్‌స్టాడ్ చెప్పడం మొదలుపెట్టాడు. దాన్ని బిడ్డల మీద తొలిసారి ధైర్యంగా పరీక్షించింది ఢిల్లీలో. 1993లో సిద్ధార్థ్ రాంజీ, సాగ్‌స్టాడ్, సహచరులు మామూలు గాలితోనే బిడ్డలకు ఊపిరి పోయవచ్చని చూపారు. 1998లో 609 మంది పిల్లలతో జరిగిన రెసెయిర్-2 ప్రయోగం దాన్ని బలపరిచింది. 2010 నాటికి నెలలు నిండిన బిడ్డకు గాలితోనే మొదలుపెట్టమని అంతర్జాతీయ మార్గదర్శకాలు మారాయి. అధిక ఆక్సిజన్ మెదడు నాళాలను కుదిస్తుందని, పుట్టిన వెంటనే 80 శాతం ఆక్సిజన్ అందుకున్న నెలలు నిండని పిల్లల్లో రెండు గంటల తర్వాత కూడా మెదడు రక్తప్రసరణ తక్కువగానే ఉందని 1995లో డెన్మార్క్ నుంచి వచ్చిన అధ్యయనం చెప్పింది. నా దృష్టిలో ఈ రంగంలో వచ్చిన అతి పెద్ద మార్పు ఇదే. ఇందులో మన దేశపు లేబర్ రూముల పాత్ర ఎంత చెప్పినా తక్కువే.

బైకార్బొనేట్‌ను కూడా మన దేశంలోనే, చండీగఢ్ పీజీఐలో, 2004లో పరీక్షించారు. ఊపిరి పోసే సమయంలో ఇచ్చిన బైకార్బొనేట్ వల్ల ప్రాణం విషయంలో గానీ మెదడు విషయంలో గానీ మేలు కనిపించలేదు.

ఖర్చు తగ్గించాలన్న వాదం

పెద్దవాళ్ల మెదడులో బార్బిచ్యురేట్లు విద్యుత్ చర్యను అణిచి ఆక్సిజన్ వాడకాన్ని గణనీయంగా తగ్గిస్తాయి. ఖర్చు తగ్గితే కొద్దిపాటి సరఫరాతోనే మెదడు గట్టెక్కుతుందన్న తర్కం బలమైనదే. 1986లో గోల్డ్‌బర్గ్ బృందం 32 మంది పిల్లల మీద థయోపెంటాల్‌ను పరీక్షించింది. మేలు కనిపించలేదు, బీపీ పడిపోవడం మాత్రం ఎక్కువైంది. ఎందుకని ఆలోచిస్తే, తీవ్రంగా దెబ్బతిన్న బిడ్డ ఈఈజీ అప్పటికే చదునుగా ఉంటుంది. తగ్గించడానికి అక్కడ మిగిలిన ఖర్చు ఎంత?

1998లో హాల్ బృందం 40 మందికి చేసిన పరీక్షలో కిలోకు 40 మి.గ్రా. ఫీనోబార్బిటాల్ ముందుగానే అందుకున్న పిల్లలు మూడేళ్ల వయసులో మెరుగ్గా కనిపించారు. ఇప్పటికీ దీన్ని ఉదహరించేవాళ్లున్నారు. కానీ 40 మందిలో కొందరు తర్వాతి పరీక్షలకు రాలేదు, కూలింగ్ (బిడ్డ శరీరాన్ని చల్లబరిచే చికిత్స) రాక మునుపటి అధ్యయనం అది. ఒంటరి అధ్యయనం మీద ప్రతి బిడ్డకూ ముందుజాగ్రత్త గార్డినాల్ ఇవ్వడం న్యాయం అనిపించదు.

ఫిట్స్ వచ్చిన తర్వాత సంగతి వేరు. ఫిట్స్ మెదడు ఖర్చును విపరీతంగా పెంచుతాయి, సరఫరా కుంటుతున్న వేళ అది నిప్పులో నెయ్యి. 1999లో పెయింటర్ బృందం ఫీనోబార్బిటాల్ 43 శాతంలో, ఫెనిటాయిన్ 45 శాతంలో ఫిట్స్‌ను ఆపాయని చూపింది. 2020లో నియోలెవ్-2 ప్రయోగంలో ఫీనోబార్బిటాల్ 80 శాతంలో, లెవిటిరాసెటమ్ 28 శాతంలో ఆపాయి. కాబట్టి పాత మందే గెలిచింది. అయితే 2002లో బిట్టిగౌ బృందం ఎలుక పిల్లల్లో ఇవే మందులు ఎదిగే మెదడు కణాలను ఆత్మహత్యకు నెట్టాయని చూపింది. మనిషి బిడ్డలో ఆ హాని ఏ మోతాదులో మొదలవుతుందన్నది తేలలేదు. పసిమెదడులో గాబా అనే సంకేత రసాయనం మెదడు చర్యను అణచడం మాని ఉద్రేకపరుస్తుందన్న పరిశీలనతో తెచ్చిన బుమెటనైడ్ 2015లో ఫిట్స్‌ను సరిగా ఆపలేకపోయింది. పైగా కొందరు పిల్లలకు వినికిడి పోయి, ప్రయోగం మధ్యలోనే ఆగింది.

గ్లూకోజ్ విషయంలో పసిమెదడుకూ పెద్దమెదడుకూ ఉన్న తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎదిగిన కోతుల్లో, ఆక్సిజన్ ఆగకముందు గ్లూకోజ్ ఎక్కువగా ఉంటే లాక్టిక్ ఆమ్లం పేరుకుని దెబ్బ పెరుగుతుందని మైయర్స్ చూపాడు. ఎలుక పిల్లల్లో వనూచీ చూసింది దానికి విరుద్ధం: అదనపు గ్లూకోజ్ కాపాడింది. పసిమెదడు గ్లూకోజ్‌ను లోపలికి లాక్కోవడంలోనే వెనకబడి ఉంటుంది. ఈ విషయంలో పెద్దల నుంచి తెచ్చుకున్న నియమాలను పట్టుకోవడం తప్పు. రక్తంలో చక్కెర పడిపోకుండా చూడటం మాత్రం ఖరీదు లేని, వివాదం లేని చికిత్స.

ఖర్చు తగ్గించాలన్న వాదానికి అసలు గెలుపు మందు నుంచి రాలేదు, చల్లదనం నుంచి వచ్చింది. పుట్టిన ఆరు గంటల్లోపు మొదలుపెట్టి, 72 గంటలపాటు శరీరాన్ని 33.5 డిగ్రీల దగ్గర ఉంచిన 2005, 2009 నాటి పెద్ద ప్రయోగాలు మరణాన్నీ వైకల్యాన్నీ తగ్గించాయి. 2013 నాటి కోక్రేన్ సమీక్ష 11 ప్రయోగాల్లోని 1505 మంది పిల్లలను కలిపి చూసింది. ఏడుగురికి కూలింగ్ చేస్తే ఒకరు మరణం నుంచో తీవ్ర వైకల్యం నుంచో తప్పించుకుంటారని లెక్క తేల్చింది.

కణం లోపలి విధ్వంసాన్ని ఆపాలన్న వాదం

అల్లోప్యూరినాల్ హైపోక్సాంథీన్ నుంచి ఫ్రీ రాడికల్స్ పుట్టకుండా అడ్డుకుంటుంది. 1998లో నెదర్లాండ్స్‌లో వాన్ బెల్ బృందం 22 మంది పిల్లల మీద కిలోకు 40 మి.గ్రా. ఇచ్చి చూసింది. మెదడులో రక్త పరిమాణం, విద్యుత్ చర్య నిలకడగా ఉన్నాయి. 2006లో అదే దేశంలో 32 మందితో ఆరంభమైన పరీక్ష మేలు కనిపించక మధ్యలోనే ఆగింది. మందు బహుశా ఆలస్యంగా చేరింది. అందుకే ప్రసవానికి ముందు తల్లికే ఇవ్వడం, పుట్టిన నిమిషాల్లో బిడ్డకు ఇవ్వడం అనే దిశగా ఆలోచన సాగింది.

ఎరిత్రోపాయిటిన్ మీద పెట్టుకున్న ఆశ ఇంకా పెద్దది. 2022లో వెలువడిన హీల్ ప్రయోగంలో 500 మంది కూలింగ్ పొందుతున్న పిల్లల్లో, మందు అందుకున్నవాళ్లలో మరణం లేదా ఎదుగుదల లోపం 52.5 శాతం, అందుకోనివాళ్లలో 49.5 శాతం. దుష్ప్రభావాలు కూడా మందు వైపే ఎక్కువ. జెనాన్ కథా అలాంటిదే. పందిపిల్లల్లో కూలింగ్‌తో కలిపి అద్భుతంగా పనిచేసింది. 2016లో 92 మంది పిల్లలతో టోబీ-జెనాన్‌లో తేడా కనిపించలేదు. అక్కడ మందు పుట్టిన 12 గంటల వరకూ మొదలుకావచ్చు. రెండో పతనం అప్పటికే మొదలై ఉండవచ్చు.

మెగ్నీషియంది మిశ్రమ ఫలితం. నెలలు నిండకుండా కాన్పయ్యే తల్లికి ఇస్తే, 2008 నాటి అమెరికన్ ప్రయోగంలో పిల్లల్లో మధ్యస్థ, తీవ్ర సెరిబ్రల్ పాల్సీ 3.5 శాతం నుంచి 1.9 శాతానికి తగ్గింది. ఊపిరాడక పుట్టిన నెలలు నిండిన బిడ్డకు కిలోకు 400 మి.గ్రా. ఇస్తే బీపీ పడుతుందని, 250 ఇస్తే పడదని లెవీన్ 1995లో చూపాడు. శ్రీనగర్‌లోని షేర్-ఎ-కశ్మీర్ సంస్థలో 40 మంది మీద ఆ 250 మోతాదును మూడుసార్లు ఇచ్చి 2009లో ప్రకటించిన ఫలితాలు ఆశాజనకం. కానీ అవి ఆసుపత్రి నుంచి పంపే రోజు పరిస్థితిని చెప్పినవి. బిడ్డ రెండేళ్ల తర్వాత నడిచాడా, మాట్లాడాడా అన్నదే మనకు కావాల్సిన జవాబు.

ఇండోమెథసిన్, కెఫీన్: రెండు గుణపాఠాలు

రక్తప్రసరణ మార్పుకూ బిడ్డ భవిష్యత్తుకూ మధ్య దూరం చూడాలంటే నెలలు నిండని పిల్లల దగ్గరకు వెళ్లాలి. ఇండోమెథసిన్ మెదడు రక్తప్రసరణను గట్టిగా తగ్గిస్తుంది. ఆ కారణంగానే మెదడులో రక్తస్రావం తగ్గుతుందని నమ్మారు, నిజంగానే తగ్గింది. 2001 నాటి టిప్ ప్రయోగంలో కిలో లోపు బరువున్న పిల్లల్లో తీవ్ర రక్తస్రావం 13 శాతం నుంచి 9 శాతానికి దిగింది. కానీ 18 నెలల వయసులో మరణం లేదా వైకల్యం ఇండోమెథసిన్ వైపు 47 శాతం, మరోవైపు 46 శాతం. అదే కుటుంబానికి చెందిన ఐబుప్రొఫెన్ కూడా డక్టస్‌ను (గుండె దగ్గర, పుట్టాక మూసుకోవాల్సిన రక్తనాళాన్ని) మూస్తుంది కానీ మెదడు రక్తాన్ని అంతగా తగ్గించదు.

కెఫీన్ మరీ విచిత్రం. ఊపిరాడని వేళ మెదడును కాపాడే అడినోసిన్‌ను అది అడ్డుకుంటుంది, పెద్ద మోతాదులో మెదడు రక్త వేగాన్ని తగ్గిస్తుంది, ఆక్సిజన్ ఖర్చును పెంచుతుంది. మూడు వాదాల్లో ఏది నమ్మినా దాన్ని నిషేధించాలి. కానీ 2007లో క్యాప్ ప్రయోగం చెప్పిందేమిటంటే, మరణం లేదా వైకల్యం కెఫీన్ వైపు 40.2 శాతం, డమ్మీ వైపు 46.2 శాతం. ఊపిరి ఆగిపోవడాన్ని తగ్గించి, వెంటిలేటర్ రోజులను తగ్గించి, ఊపిరితిత్తుల ద్వారా అది మెదడును కాపాడి ఉండవచ్చు.

పక్కపక్కన పెడితే

ఏది ఏ దశకు సరిపోతుందో ఇలా చూడవచ్చు. ఊపిరి పోసే నిమిషాల్లో సరైన గాలి, వెచ్చదనం, చక్కెర ముఖ్యం. బైకార్బొనేట్‌కు ఆధారం లేదు. రెండు పతనాల మధ్య గంటల్లో కూలింగ్ ఒక్కటే పెద్ద ప్రయోగాల్లో నిలిచింది, అల్లోప్యూరినాల్, మెగ్నీషియం ఇంకా తేలాలి, థయోపెంటాల్ తేలిపోయింది. రెండో పతనం మొదలయ్యాక ఫిట్స్ ఆపడానికి ఫీనోబార్బిటాల్ అవసరం. జెనాన్, ఎరిత్రోపాయిటిన్ కూలింగ్‌కు తోడుగా నిలవలేదు. బీపీ మందులు ఏ దశలోనైనా అవసరాన్ని బట్టే ఇవ్వాలి, అంకెను బట్టి కాదు.

మనవైపు తేలనివి

2021లో వెలువడిన హెలిక్స్ ప్రయోగం భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో 408 మంది పిల్లల మీద జరిగింది. కూలింగ్ పొందినవాళ్లలో 42 శాతం, పొందనివాళ్లలో 31 శాతం చనిపోయారు. మరణం లేదా వైకల్యం కలిపి 50, 47 శాతం. అంటే మేలు లేదు, మరణాలు మాత్రం ఎక్కువ. ఎందుకన్న దానికి పలు వివరణలున్నాయి. తల్లి ఆరోగ్యం, కడుపులోనే మొదలైన దీర్ఘకాలపు దెబ్బ, ఇన్‌ఫెక్షన్, దెబ్బ తగిలిన సమయం వేరు కావడం. ఫ్రాయిడ్ 1897 అనుమానం ఇక్కడ మళ్లీ బలపడుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాసుపత్రుల ఎస్‌ఎన్‌సీయూలకు (నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలకు) పరాయి దేశపు ఫలితాన్ని యథాతథంగా తెచ్చుకోవద్దని చెప్పే బలమైన ఆధారం ఇది. కూలింగ్ ఇచ్చే చోట బీపీ, ఇన్‌ఫెక్షన్, ఊపిరి, రక్తం గడ్డకట్టే తీరు మీద ఎంత నిఘా ఉందన్నది మందు కన్నా ముఖ్యం కావచ్చు.

చల్లదనం మందులను కూడా మారుస్తుంది. 33.5 డిగ్రీల్లో కాలేయం నెమ్మదిస్తుంది, ఊపిరాడక కిడ్నీ కూడా దెబ్బతిని ఉంటుంది. ఫీనోబార్బిటాల్, మార్ఫిన్ వంటివి రక్తంలో పేరుకుంటాయి. దాంతో బిడ్డ ఈఈజీ మందకొడిగా కనిపిస్తే అది దెబ్బ వల్లనో మందు వల్లనో తెలియక, భవిష్యత్తు గురించి తల్లిదండ్రులకు చెప్పే మాటే తప్పవచ్చు. మార్ఫిన్ ఇవ్వకుండా ఉంటే మేలనడానికీ లేదు. 2001లో మారియాన్ థోరెసెన్ బృందం మత్తు ఇవ్వకుండా పందిపిల్లలను చల్లబరిస్తే, వణుకు, ఒత్తిడి వల్ల కాబోలు, కూలింగ్ కాపాడలేదు. ఎంత మోతాదు మార్ఫిన్ వణుకునూ ఒత్తిడినీ ఆపి, ఊపిరినీ బీపీనీ దెబ్బతీయకుండా ఉంటుందన్నది బిడ్డల మీద ఇంకా నిర్ణయం కావాలి.